తక్కువ ఖర్చులో కంప్యూటర్: ఇంట్లో మీరే అసెంబుల్ చేసుకునే పద్ధతి

నేను మొదటిసారి సొంతంగా అసెంబుల్ చేసుకున్న కంప్యూటర్‌లో ఒక గ్రాఫిక్ కార్డు (తెర మీది బొమ్మల పని చూసే విడి పార్టు) ఉండేది. మొత్తం ఖర్చులో మూడో వంతు దానికే పోయింది. ఏడాదిన్నర తర్వాత దాని ఫ్యాన్ గరగరలాడుతుంటే విసుగొచ్చి పీకేసి, మానిటర్ వైరును మదర్‌బోర్డుకే (మిగతా పార్టులన్నీ తగిలించే పెద్ద పలక) తగిలించాను. నా పనిలో ఏ తేడా రాలేదు. నేను చేసేదల్లా రాసుకోవడం, బ్రౌజర్‌లో పాతిక ట్యాబులు తెరిచి పెట్టుకోవడం, రాత్రి పూట వీడియోలు చూడడం. వాటికి ఆ కార్డు అక్కర్లేదని కొనేముందు నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అప్పటి నుంచి ఎవరికి కంప్యూటర్ కూర్చిపెట్టినా నా లెక్క ఒకటే. చవక పార్టులు వెతికితే మిగిలే డబ్బు కొంచెం, అక్కర్లేని పార్టు కొనకపోతే మిగిలే డబ్బు చాలా. అందుకే కింద రాసినదాంట్లో సగానికి సగం కొనేముందు చేయాల్సిన ఆలోచనే. మిగతా సగం స్క్రూడ్రైవర్ పని. అందరూ భయపడేది ఈ రెండోదానికి, కానీ తీరిగ్గా చేసుకున్నా అది ఒక మధ్యాహ్నం పనే.

ఎవరెవరో తయారుచేసిన పార్టులు ఒకదానికొకటి ఎలా సరిపోతాయన్న అనుమానం సహజం. దీనికో చరిత్ర ఉంది. 1981లో ఐబీఎమ్ తన పీసీని బయట మార్కెట్లో దొరికే భాగాలతోనే తయారుచేసింది, లోపలి సర్క్యూట్ల వివరాలనూ పుస్తకంగా అచ్చువేసింది. వేరే కంపెనీలు దానికి సరిపడే మెషీన్లు, కార్డులు చేయడం మొదలుపెట్టాయి. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలతల ప్రమాణం తెచ్చింది. బోర్డు ఎంత ఉండాలి, స్క్రూ రంధ్రాలు ఎక్కడ రావాలి, కరెంటు ఏ ప్లగ్గులో రావాలి అన్నవి అందులో ఉన్నాయి. ఇప్పుడు మీరు కొనే మైక్రో ఏటీఎక్స్ (ఏటీఎక్స్‌లో చిన్న సైజు) బోర్డు ఏ కంపెనీదైనా ఆ సైజు పట్టే కేబినెట్ రంధ్రాల్లో కుదురుగా కూర్చోవడానికి కారణం ఇదే.

కొనేముందు కాగితం మీద

ఒక కాగితం తీసుకుని మీరు కంప్యూటర్ మీద చేసే పనులు రాయండి. ఎప్పుడో చేద్దామనుకున్నవి వదిలేయండి, పోయిన నెలలో చేసినవి రాయండి. చదువు, ఆఫీసు ఫైళ్లు, ఆన్‌లైన్ క్లాసులు, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం, ఫొటోలు సరిదిద్దుకోవడం, తేలికపాటి గేములు: ఈ జాబితాలోనే మీ పనులన్నీ ఉంటే విడిగా గ్రాఫిక్ కార్డు అక్కర్లేదు. ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ చాలు. పెద్ద గేములు, గంటల కొద్దీ వీడియో ఎడిటింగ్, త్రీడీ పని ఉంటేనే కార్డు సంగతి ఆలోచించాలి. అప్పుడైనా ముందు కార్డు లేకుండా మొదలుపెట్టి, పని నిజంగా ఆగినప్పుడు కొనుక్కోవచ్చు. డెస్క్‌టాప్‌కు ఉన్న పెద్ద సుఖమే అది.

తర్వాత ఇంట్లో ఏమున్నాయో చూడండి. పాత మానిటర్, కీబోర్డు, మౌస్ పనికొస్తాయి. పాత హార్డ్‌డిస్కు కూడా ఫొటోలు, సినిమాలు దాచుకోవడానికి పనికొస్తుంది. మానిటర్ వెనక ఏ పోర్టు ఉందో మాత్రం రాసి పెట్టుకోండి. వీజీఏ అనే పాత రకం పోర్టు ఒక్కటే ఉంటే, కొనబోయే బోర్డులో వీజీఏ ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే కన్వర్టర్ కొనాలి.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. కంపెనీలు వాడి అమ్మేసిన ఆఫీసు డెస్క్‌టాప్‌లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. మామూలు పనులకైతే మీరు కొత్త పార్టులతో కూర్చుకునేదానికన్నా అవి చవగ్గా పడడం మామూలే. అయితే వాటిలో చాలావరకు బోర్డు, ఎస్‌ఎంపీఎస్ (పార్టులకు కరెంటు అందించే డబ్బా) ఆ కంపెనీ సొంత కొలతల్లో ఉంటాయి, పాడైతే బజారు పార్టు పట్టదు. ప్రాసెసర్ ఏ తరందో కూడా అడగండి. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే సుమారుగా ఇంటెల్ 8వ తరం, లేదా ఏఎమ్‌డీ రైజెన్ 2000 సిరీస్, లేదా ఆ తర్వాతివి కావాలి. ముందు ముందు పార్టులు మార్చుకునే ఆలోచన లేనివాళ్లకు అదే సరైన దారి, వాళ్లు ఇక్కడే చదవడం ఆపేయొచ్చు. మార్చుకుంటూ పోవాలనుకునేవాళ్లు ముందుకు రండి.

ప్రాసెసర్, దాని పేరు చివరి అక్షరం

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ప్రాసెసర్. అది తేలితే సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) తేలుతుంది, సాకెట్ తేలితే బోర్డు, బోర్డు తేలితే ర్యామ్. ఈ వరస తిప్పి, బోర్డు చవగ్గా వచ్చిందని ముందు కొనేసినవాళ్లు తర్వాత తలపట్టుకుంటారు.

చవక కంప్యూటర్లకు రెండు ఉదాహరణలు చెబుతాను. ఏఎమ్‌డీ రైజెన్ 5 5600జి 2021లో వచ్చింది. 6 కోర్లు (లోపల విడివిడిగా పనిచేసే భాగాలు), 12 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు), 65 వాట్లు. లోపలున్న గ్రాఫిక్స్ తేలికపాటి గేములను కూడా లాగుతుంది. ఇంటెల్ కోర్ ఐ3 12100 2022లో వచ్చింది. 4 కోర్లు, 8 థ్రెడ్లు. గ్రాఫిక్స్ అంత బలమైనది కాకపోయినా రోజువారీ పనిలో చురుగ్గా ఉంటుంది. రెండిటి బాక్సులోనూ కూలర్ వస్తుంది, విడిగా కొనక్కర్లేదు. ఈ రెండే కొనమని కాదు. మీరు చూసే సమయానికి వీటి స్థానంలో ఏవి ఉన్నాయో వాటిని ఈ కొలతతో పోల్చుకోండి.

పేరు చివరి అక్షరం దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టు. కొంచెం తక్కువకు వస్తుంది కదా అని కొంటే, ఇంటికొచ్చాక మానిటర్ మీద ఏమీ కనిపించదు. దానికోసం గ్రాఫిక్ కార్డు కొనాలి, మిగిలిన డబ్బు అలా వడ్డీతో సహా పోతుంది. రైజెన్ 5000 సిరీస్‌లో దీనికి తిరగేసిన పద్ధతి: అంకెల తర్వాత జి ఉంటేనే గ్రాఫిక్స్ ఉన్నట్టు. 5600, 5600ఎక్స్‌లలో లేదు. రైజెన్ 7000 సిరీస్‌లో మాత్రం, ఎఫ్ అని లేకపోతే, చిన్నదో చితకదో గ్రాఫిక్స్ ఉంటుంది. ఇంటెల్‌లో కె ఉన్నవాటి వేగం పెంచుకోవచ్చు గానీ వాటి బాక్సులో కూలర్ రాదు. చవక కంప్యూటర్‌కు కె అనవసరం.

బోర్డు

5600జి వంటివి ఏఎమ్4 సాకెట్‌లో కూర్చుంటాయి. ఇంటెల్ 12, 13, 14 తరాలవి ఎల్‌జీఏ 1700లో. 2022లో వచ్చిన ఏఎమ్5 ఏఎమ్‌డీ కొత్త సాకెట్. ఏఎమ్4 దాదాపు చివరి దశలో ఉంది కాబట్టి బోర్డులు తేలిగ్గా, చవగ్గా దొరుకుతాయి. పైగా సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్లకు కొదవ లేదు. కొన్నాక ఐదేళ్లు మూత తీయను అనుకునేవాళ్లకు పాత సాకెట్ లాభం. మధ్యలో ప్రాసెసర్ మాత్రమే మార్చుకోవాలనుకుంటే ఏఎమ్5 మంచిది, ఖర్చు మాత్రం ఇప్పుడే ఎక్కువ.

మైక్రో ఏటీఎక్స్ సైజు తీసుకోండి, అంటే 244 మిల్లీమీటర్ల చదరం. పూర్తి ఏటీఎక్స్ బోర్డులో అదనంగా వచ్చే స్లాట్లు చాలామంది ఎప్పటికీ వాడరు. మినీ ఐటీఎక్స్ ముద్దుగా ఉంటుంది, కానీ చిన్నదానికే ఎక్కువ ధర. మామూలు పనికి ఏఎమ్4లో ఏ520, ఎల్‌జీఏ 1700లో హెచ్610 స్థాయి చిప్‌సెట్ (బోర్డు ఏమేం చేయగలదో తేల్చే చిప్) సరిపోతుంది. ఒక ఎమ్.2 స్లాట్ (బోర్డు మీదే డిస్కు బిగించే చోటు), మీ మానిటర్‌కు సరిపడే పోర్టు, వెనక కనీసం ఆరు యూఎస్‌బీ పోర్టులు ఉంటే చాలు. రంగురంగుల లైట్లకు డబ్బు పెట్టకండి. ఎంత వెలిగినా టైపింగ్ వేగం పెరగదు.

బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే బోర్డు సొంత ప్రోగ్రామ్) సంగతి అడగడం మర్చిపోవద్దు. బోర్డు తయారైన తేదీ కన్నా ప్రాసెసర్ కొత్తదైతే, పాత బయోస్ దాన్ని గుర్తుపట్టదు. ఏఎమ్4 బోర్డుల్లో ఈ ఇబ్బంది తరచూ వస్తుంది. హెచ్610 బోర్డు మీద 13, 14వ తరం ప్రాసెసర్ పెట్టినా రావచ్చు. బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో ఏ ప్రాసెసర్‌కు ఏ బయోస్ వెర్షన్ కావాలో పట్టిక ఉంటుంది. కొనేటప్పుడే అప్‌డేట్ చేసి ఇమ్మనండి. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించే బటన్ కొన్ని బోర్డుల వెనక ఉంటుంది, ఉంటే టెన్షన్ లేదు.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ

డీడీఆర్4, డీడీఆర్5 ర్యామ్‌లు చూడడానికి ఒకేలా ఉన్నా మధ్యలో గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది. ఒకదాని స్లాట్‌లో మరొకటి దూరదు, బలవంతం చేస్తే విరుగుతుంది. ఏఎమ్4కు డీడీఆర్4 మాత్రమే, ఏఎమ్5కు డీడీఆర్5 మాత్రమే. ఎల్‌జీఏ 1700 బోర్డులు రెండు రకాల్లోనూ వస్తాయి కాబట్టి బోర్డు పేరు రెండుసార్లు చదవండి.

ఇప్పుడు 16 జీబీ ఉంటే హాయిగా ఉంటుంది. దాన్ని ఒకే 16గా కాకుండా రెండు 8లుగా తీసుకోండి. రెండు ర్యామ్‌లు ఉంటే ప్రాసెసర్ రెండు దారుల్లో ఒకేసారి డేటా తెచ్చుకుంటుంది, దీన్ని డ్యూయల్ చానల్ అంటారు. గ్రాఫిక్ కార్డు లేని సిస్టమ్‌లో ఇది ఇంకా ముఖ్యం. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒక్క ర్యామ్‌తో నత్తనడక నడిచే గేము రెండోది పెట్టగానే ఆడుకునేలా అవుతుంది. ఇప్పుడు డబ్బు చాలకపోతే ఒక్క 8 జీబీతో మొదలుపెట్టి, తర్వాత అదే వేగం ఉన్నది ఇంకొకటి కలపండి.

విండోస్ ఎక్కించే డిస్కు మాత్రం ఎస్‌ఎస్‌డీయే (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో డేటా దాచే డిస్కు) కావాలి, ఇందులో బేరం లేదు. పాత కంప్యూటర్ నెమ్మదించిందని బాధపడే పదిమందిలో ఎక్కువమందికి అసలు జబ్బు హార్డ్‌డిస్కే. సాటా అనే పాత కనెక్షన్ మీద నడిచే ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దాకా చదువుతుంది. మూడో తరం పీసీఐఈ (బోర్డు మీది వేగమైన దారి) మీద నడిచే ఎన్‌వీఎమ్‌ఈ రకం 3,500 ఎంబీ దాకా పోతుంది. కాగితం మీద ఆరు రెట్ల తేడా. అయినా వర్డ్ ఫైల్ తెరిచేటప్పుడు మీకు అది తెలియదు, ఏది చవగ్గా వస్తే అది తీసుకోవచ్చు. ఎన్‌వీఎమ్‌ఈకి వైర్లు అక్కర్లేదు కాబట్టి నేనైతే దానివైపే మొగ్గుతాను. 2280 అని రాసి ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. దాదాపు అన్ని బోర్డుల్లోనూ పట్టేది అదే. ఎమ్.2 ఆకారంలోనే సాటా రకం కూడా ఉంటుంది, మీ బోర్డు స్లాట్ ఏ రకాన్ని ఒప్పుకుంటుందో మాన్యువల్‌లో చూడండి.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర పిసినారితనం వద్దు

కంప్యూటర్‌లో ఎవరికీ చూపించుకోలేని పార్టు ఇదే. అందుకే బడ్జెట్ తగ్గగానే మొదటి కోత దీనికే పడుతుంది. గోడలోంచి వచ్చే కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి ప్రతి పార్టుకూ పంచేది ఎస్‌ఎంపీఎస్. మిగతా పార్టు ఏది పోయినా అదొక్కటే పోతుంది, ఇది పోతే ఒంటరిగా పోదు. కేబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఒక ఎస్‌ఎంపీఎస్ నా దగ్గర టప్పున పేలి, హార్డ్‌డిస్కును, అందులో ఉన్న రెండేళ్ల ఫొటోలను వెంట తీసుకుపోయింది. ఉచితంగా వచ్చిందని మురిసిపోయింది కూడా నేనే.

కొనేటప్పుడు పెద్దక్షరాల్లో రాసిన వాట్లు చూడకండి, పక్కనున్న పట్టిక చూడండి. ఇప్పటి ప్రాసెసర్లు, కార్డులు వాడేదంతా 12 వోల్టుల కరెంటే. ఆ గడిలో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి 12తో గుణించండి. పైన 450 వాట్లు అని ఉండి, 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లే ఉంటే అది నిజానికి 192 వాట్లే ఇవ్వగలదు. నిజాయితీ గల 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో ఆ గడి 34, 36 ఆంపియర్ల దగ్గర ఉంటుంది.

80 ప్లస్ అన్న ముద్ర కూడా చూడండి. లోడు 20, 50, 100 శాతం ఉన్నప్పుడు గోడలోంచి తీసుకున్న కరెంటులో కనీసం 80 శాతం పార్టులకు చేరుతుందని దాని అర్థం. బ్రాంజ్, గోల్డ్ అనేవి అంతకన్నా పై మెట్లు. అయితే ఆ ముద్ర చెప్పేది కరెంటు ఎంత వృథా కాదన్న సంగతే, భద్రత గురించి అది ఏమీ చెప్పదు. అధిక కరెంటు, షార్ట్ సర్క్యూట్ రక్షణలు ఉన్నాయో లేదో విడిగా చదువుకోవాలి. గ్రాఫిక్ కార్డు లేకుండా పైన చెప్పిన ప్రాసెసర్లతో కూర్చిన సిస్టమ్ 150 వాట్లు దాటడం అరుదు. అయినా మంచి 450 వాట్లది తీసుకోండి, రేపు ఓ మోస్తరు కార్డు పెట్టుకున్నా సరిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ మూత మాత్రం ఎప్పుడూ తెరవకండి. ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది.

కేబినెట్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ముందు వైపు గాజు పలకకు బదులు జాలీ ఉన్నది, వెనక ఒక ఫ్యాన్ ఉన్నది, మైక్రో ఏటీఎక్స్ పట్టేది చూసుకోండి. గాలి ఆడకపోతే ఎంత అందంగా ఉన్నా అది పొయ్యే.

సెకండ్ హ్యాండ్‌లో నేను ధైర్యంగా కొనేవి ప్రాసెసర్, ర్యామ్, కేబినెట్, మానిటర్. ప్రాసెసర్ చెడిపోవడం చాలా అరుదు. ఏఎమ్4 అయితే కింద పిన్నులు వంగి ఉన్నాయేమో వెలుతురులో చూడండి. ఇంటెల్ అయితే పిన్నులు బోర్డు సాకెట్‌లో ఉంటాయి కాబట్టి పాత బోర్డు కొనేటప్పుడు అక్కడ చూడాలి. ఎస్‌ఎంపీఎస్, ఎస్‌ఎస్‌డీ కొత్తవే కొనండి.

అసెంబుల్ చేసే రోజు

కొన కొంచెం అయస్కాంతంలా పట్టే స్టార్ స్క్రూడ్రైవర్, స్క్రూలు వేసుకోవడానికి ఒక చిన్న గిన్నె, ఫోన్‌లో టార్చి. ఇంతకు మించి సామాను అక్కర్లేదు. తివాచీ లేని నేల, వెడల్పాటి బల్ల చూసుకోండి. మీ ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోవడానికి పార్టు పట్టుకునే ముందల్లా కేబినెట్‌లో రంగు లేని లోహాన్ని ఒకసారి తాకండి. మదర్‌బోర్డు మాన్యువల్ పక్కనే తెరిచి పెట్టుకోండి. అందరూ పారేసేది, అందరికీ కావాల్సింది అదే.

బోర్డును దాని అట్టపెట్టె మీద పెట్టండి. అది చుట్టి వచ్చిన వెండిరంగు సంచి మీద పెట్టి కరెంటు ఇవ్వకూడదు, ఆ సంచి పైపొరలోంచి కరెంటు పారే అవకాశం ఉంది.

ముందు ప్రాసెసర్. సాకెట్ పక్కనున్న కమ్మీని పైకెత్తండి. ప్రాసెసర్ మూలలో చిన్న త్రికోణం ఉంటుంది, సాకెట్ మూలలో కూడా ఉంటుంది. రెండూ కలిపి, వేళ్లతో అంచులు మాత్రమే పట్టుకుని దింపండి. నొక్కకూడదు, దాని బరువుకే అది కూర్చోవాలి. కూర్చోకపోతే తీసి మళ్లీ దిక్కు చూడండి. తర్వాత కమ్మీ దించండి. ఇంటెల్ బోర్డుల్లో దించేటప్పుడు గట్టిగా బిగుసుకుని కిర్రుమంటుంది, నల్ల ప్లాస్టిక్ మూత దానంతటదే ఎగిరి వస్తుంది. మొదటిసారి ఆ చప్పుడుకు గుండె ఆగినంత పనవుతుంది కానీ అది మామూలే. ఆ మూతను దాచండి, వారంటీకి బోర్డు పంపాల్సి వస్తే కావాలి.

ర్యామ్ సులువు. నాలుగు స్లాట్లు ఉంటే, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడండి. గాటు కలిసేలా పెట్టి రెండు చివర్లా బొటనవేళ్లతో టక్కుమనే దాకా నొక్కండి. ఇక్కడ మాత్రం కొంచెం బలం కావాలి. సున్నితంగా పెట్టి వదిలేసిన ర్యామ్ వల్ల డిస్‌ప్లే రాని కేసులు లెక్కలేనన్ని. ఎమ్.2 ఎస్‌ఎస్‌డీని ఏటవాలుగా దూర్చి, రెండో కొసను కిందికి వంచి స్క్రూ బిగించండి. ఆ స్క్రూ బియ్యపు గింజంత ఉంటుంది, కిందపడితే ఇక ఆశ వదులుకోవాలి.

ఇప్పుడు కూలర్. బాక్సుతో వచ్చిన కూలర్ అడుగున బూడిదరంగు థర్మల్ పేస్ట్ ముందే పూసి ఉంటుంది, ఇంకా రాయక్కర్లేదు. వేలితో తాకి చూడడం కూడా వద్దు. పాత కూలర్ వాడుతుంటే పాత పేస్ట్ తుడిచేసి, ప్రాసెసర్ మధ్యలో బఠాణీ గింజంత కొత్తది పెట్టండి. విడిగా కొన్న కూలర్ అడుగున పారదర్శక ప్లాస్టిక్ పొర ఉందేమో చూసి పీకండి. పీకకుండా బిగించి, వేడెక్కుతోందని కూలర్‌ను తిట్టినవాళ్లను చూశాను. ఇంటెల్ కూలర్‌కు నాలుగు కాళ్లు ఉంటాయి. ఎదురెదురు మూలల్లో జతగా నొక్కండి, నాలుగుసార్లు టక్కు వినపడాలి. తర్వాత బోర్డు ఎత్తి వెనక నుంచి నాలుగు కాళ్లూ బయటికి వచ్చాయో లేదో చూడండి. ఏఎమ్4లో 5600జితో వచ్చే కూలర్‌కు స్క్రూలు ఉంటాయి. దానికోసం ముందు బోర్డు మీదున్న రెండు ప్లాస్టిక్ కొక్కేలు విప్పాలి, వెనకనున్న లోహపు పలక జారిపోకుండా చేత్తో పట్టుకోవాలి. ఒక స్క్రూను ఒకేసారి పూర్తిగా బిగించకుండా, ఎదురెదురు మూలల్లో రెండేసి చుట్లు తిప్పుతూ పోండి. చివరికి ఫ్యాన్ వైరును బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోట గుచ్చండి.

కేబినెట్‌లో పెట్టకముందే ఒకసారి వెలిగించి చూడండి. ఈ మెట్టును చాలామంది దాటేస్తారు, నేను దాటను. ఎస్‌ఎంపీఎస్‌ను పక్కన పెట్టి, 24 పిన్నుల పెద్ద ప్లగ్గును బోర్డు అంచున, 8 పిన్నుల ప్లగ్గును ప్రాసెసర్ పై మూలలో గుచ్చండి. రెండోదాన్ని మర్చిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి గానీ తెర నల్లగానే ఉంటుంది. నేను ఒకసారి ఒక రాత్రంతా దీని మీదే పోగొట్టాను. మానిటర్, కీబోర్డు తగిలించండి. బోర్డు కింది మూలలో పవర్ స్విచ్ పిన్నులు ఏవో మాన్యువల్‌లో చూసి, స్క్రూడ్రైవర్ కొనతో ఆ రెండు పిన్నులనూ ఒక్క క్షణం కలపండి. తెర మీద బోర్డు కంపెనీ పేరు వస్తే మీ పార్టులన్నీ బతికే ఉన్నట్టు. డీడీఆర్5 అయితే మొదటిసారి కొన్ని నిమిషాలు నల్లతెరే ఉండొచ్చు. మెమరీని పరీక్షించుకుని సర్దుకుంటుంది, మధ్యలో ఆపకండి.

కేబినెట్‌లోకి

కరెంటు తీసేసి, ఎస్‌ఎంపీఎస్ వైర్లు పీకేసి, కేబినెట్‌ను పక్కకు పడుకోబెట్టండి. బోర్డుతో విడిగా వచ్చిన వెనక పోర్టుల రేకును ముందు లోపలి నుంచి నొక్కి పెట్టాలి. బోర్డు బిగించేశాక ఆ రేకు బల్ల మీద కనిపిస్తే, మళ్లీ అన్నీ విప్పడం తప్ప దారి లేదు.

కేబినెట్ అడుగు పలక మీద ఇత్తడి దిమ్మలు ఉంటాయి, వీటిని స్టాండాఫ్‌లు అంటారు. బోర్డును రేకుకు తగలకుండా ఎత్తి పట్టేవి ఇవే. మీ బోర్డు రంధ్రాలు ఉన్నచోటే దిమ్మలు ఉండాలి. రంధ్రం లేని చోట దిమ్మ ఉంటే బోర్డు వెనక భాగానికి తగిలి షార్ట్ అవుతుంది, దాన్ని విప్పేయండి. బోర్డును దింపి స్క్రూలన్నీ సగం బిగించి, తర్వాత అన్నిటినీ పూర్తిగా బిగించండి. మరీ గట్టిగా తిప్పొద్దు. ఎస్‌ఎంపీఎస్‌ను దాని గదిలో పెట్టి, కింద జాలీ ఉంటే ఫ్యాన్ ఆ వైపుకు వచ్చేలా బిగించండి.

వైర్లలో విసుగు పుట్టించేవి కేబినెట్ ముందు బటన్లవి. పవర్ స్విచ్, రీసెట్, రెండు లైట్లు, ఒక్కోటీ గోటి అంత ప్లగ్గు. స్విచ్చులకు ప్లస్, మైనస్ తేడా లేదు. లైట్లకు ఉంది, తిరగేస్తే వెలగవు, అంతకు మించి నష్టం లేదు. ముందు యూఎస్‌బీ 3 వైరు లావుగా ఉంటుంది, దాన్ని నిటారుగా నొక్కండి. పక్కకు వంచితే బోర్డు మీది పిన్నులు వంగుతాయి. ఫ్యాన్‌లో చట్రపు కమ్మీలు కనిపించే వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. ముందువి లోపలికి ఊదాలి, వెనకది బయటికి.

వైర్లు విడదీయగల మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ అయితే, వేరే ఎస్‌ఎంపీఎస్ వైర్లు దానికి తగిలించకండి. ప్లగ్గు పట్టినా లోపలి పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు. 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్తే డిస్కు ఆ క్షణమే కాలిపోతుంది.

గ్రాఫిక్ కార్డు ఉంటే అన్నిటికన్నా పై పొడవాటి స్లాట్‌లో పెట్టండి. స్లాట్ నుంచి 75 వాట్లు మాత్రమే వస్తాయి. అంతకు మించి తినే కార్డుకు 6 పిన్నుల ప్లగ్గు మరో 75, 8 పిన్నులది మరో 150 వాట్లు ఇస్తుంది. సాటా ప్లగ్గును కార్డు ప్లగ్గుగా మార్చే చవక అడాప్టర్లు వాడొద్దు, అవి కరిగిపోవచ్చు. కార్డు పెట్టాక మానిటర్ వైరు కార్డుకే తగిలించాలి, బోర్డుకు కాదు.

బయోస్, ఆపై ఆపరేటింగ్ సిస్టమ్

ఆన్ చేస్తూ డిలీట్ లేదా ఎఫ్2 నొక్కుతూ ఉంటే బయోస్ తెరుచుకుంటుంది. ర్యామ్ మొత్తం కనిపిస్తోందా, ఎస్‌ఎస్‌డీ జాబితాలో ఉందా, ప్రాసెసర్ వేడి ఎంత ఉంది అన్నవి చూడండి. బయోస్‌లో కూర్చుని ఉండగా 50 డిగ్రీల లోపు, కాస్త అటూ ఇటూగా ఉంటే బాగున్నట్టే. నిమిషాల్లో 80, 90కి ఎగబాకితే కూలర్ సరిగ్గా కూర్చోలేదు, ఆపేయండి. ర్యామ్ వేగం కొన్నదానికన్నా తక్కువ చూపిస్తుంటే ఎక్స్‌ఎమ్‌పీ, ఏఎమ్‌డీ డీడీఆర్5 బోర్డుల్లో ఎక్స్‌పో అనే సెట్టింగ్ ఆన్ చేయండి.

ఖర్చు తగ్గాలంటే విండోస్‌కు బదులు వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ చూడండి. లైనక్స్ మింట్, ఉబుంటు ఉచితం. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసి, నచ్చితే ఎక్కించుకోవచ్చు. బ్రౌజర్, ఆఫీసు ఫైళ్లు, వీడియోలు, ప్రోగ్రామింగ్‌కు విండోస్ లేని లోటు తెలియదు. ఒక ప్రత్యేక సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుందంటే 11 ఎక్కించండి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. 11కి టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. ఇది విడిగా కొనే చిప్ కాదు, ఇప్పటి బోర్డుల బయోస్‌లో ఎఫ్‌టీపీఎమ్ లేదా పీటీటీ పేరుతో ఉంటుంది, ఆన్ చేస్తే చాలు. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మైక్రోసాఫ్ట్ సొంత టూల్‌తో ఇన్‌స్టాలర్ తయారుచేసుకుని, బయోస్‌లో ఆ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయండి. క్రాక్ చేసిన విండోస్ జోలికి పోవద్దు, దాంట్లో వైరస్ ఉచితంగా వస్తుంది.

డిస్‌ప్లే రాకపోతే

కంగారు పడకండి, పార్టు నిజంగా చచ్చిపోయి ఉండే అవకాశం చాలా తక్కువ. అసలు ఏమీ కదలకపోతే ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్, 24 పిన్నుల ప్లగ్గు, ముందు బటన్ వైరు చూడండి. బటన్ మీద అనుమానం ఉంటే మళ్లీ స్క్రూడ్రైవర్ కొనతో పిన్నులు కలపండి.

ఫ్యాన్లు తిరిగి తెర మాత్రం నల్లగా ఉంటే ఈ వరసలో వెళ్లండి: 8 పిన్నుల ప్లగ్గు, మానిటర్ వైరు ఎక్కడుందన్నది, తర్వాత ర్యామ్. ర్యామ్‌లు రెండూ తీసి ఒక్కటే పెట్టి చూడండి, స్లాట్ మార్చి చూడండి. బోర్డు మీద చిన్న లైట్లు ఉంటే ఏది వెలుగుతోందో గమనించండి, వాటి పక్కన సీపీయూ (అంటే ప్రాసెసర్), డీర్యామ్ (అంటే ర్యామ్) అని రాసి ఉంటుంది. అప్పటికీ రాకపోతే కరెంటు తీసేసి, బోర్డు మీదున్న గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని ఐదు నిమిషాలు బయటపెట్టి మళ్లీ పెట్టండి. బయోస్ సెట్టింగులు మొదటికి వస్తాయి. ఆఖరి అనుమానం బయోస్ వెర్షన్ మీద.

తెర వచ్చి, వాడుతుండగా హఠాత్తుగా ఆగిపోతుంటే ముందు వేడి చూడండి, తర్వాత ర్యామ్. మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో వేసి ఒక రాత్రి నడిపితే ర్యామ్ తప్పా కాదా చాలావరకు తెలుస్తుంది, అందులో ఒక్క ఎర్రర్ వచ్చినా ర్యామ్‌ను అనుమానించాల్సిందే.

అంతా సవ్యంగా నడిచినా వారం రోజుల పాటు పక్క పలక స్క్రూలు గట్టిగా బిగించకండి. ఏదో ఒక వైరు ఫ్యాన్‌కు తగిలి టకటకలాడుతుంది, చూసుకోండి.